తొమ్మిదేళ్ల జీడి పని వదిలి బడిలో చేరుతున్నాను, అందరికీ ఎలా చెప్పాలి?

పలాస_గుమస్తా:
జీడిపప్పు ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చింది, సోమవారం టెక్కలి దగ్గర బడిలో చేరాలి. యజమానికి చెప్పాను, సంతోషించారు. పొట్టు తీసే గదిలోని అమ్మలకు చెప్పడానికే నోరు రావడం లేదు. రోజూ వాళ్లు ఒలిచిన కిలోలు రాసింది నేనే. తలా పావుకిలో 240 గ్రేడు పప్పు ఇద్దామనుకుంటున్నాను. వ్యాపారులకు, లారీ బ్రోకర్లకు వాట్సాప్‌లో చెబితే సరిపోతుందా?

కాశీబుగ్గ_సార్టరు:
పప్పు ఒలిచేవాళ్లకు పప్పే ఇస్తారా? మా అమ్మ ముప్పై ఏళ్లు జీడి పిక్కలు కొట్టింది. జీడి నూనె తగిలి వేళ్ల మీద చర్మం ఊడిపోయేది. పండగ పాయసంలో కూడా పప్పు ముట్టేది కాదు. చీర పెట్టండి.

సోంపేట_కొట్టు:
నేను ఒప్పుకోను. వాళ్ల ఇళ్లకు చేరేది ముక్క పప్పే. నిండు పప్పే ఇవ్వండి. 240 అంటే కిలోకు 240 గింజలు తూగే పెద్ద పప్పు, గౌరవంగా ఉంటుంది.

కాశీబుగ్గ_సార్టరు:
కిలోకు కాదండీ, పౌండుకు, అంటే అరకిలో కన్నా కాస్త తక్కువకు! కిలోకైతే దాదాపు అయిదు వందలు తూగుతాయి. అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నది. 180 పెద్దది, 320 చిన్నది.

సోంపేట_కొట్టు:
పదేళ్లుగా అమ్ముతున్నాను. నాకు మీరు నేర్పనక్కర్లేదు.

కాశీబుగ్గ_సార్టరు:
పదేళ్లుగా తప్పు చెబుతున్నారు. పావుకిలో తూచి లెక్కపెట్టండి. నూట ఇరవై దాటకపోతే క్షమాపణ చెబుతాను.

నెల్లిమర్ల_మగ్గం:
పప్పు గొడవ ఆపండి. జనపనార మిల్లులో పద్దెనిమిదేళ్లు నేశాను. ఒక ఉదయం షిఫ్టుకు వెళితే గేటుకు తాళం, పక్కన నోటీసు. నా క్యారేజీ కూడా లోపలే ఉండిపోయింది. ఎవరికీ వెళ్లొస్తానని చెప్పలేదు. ఇప్పుడు విశాఖలో అపార్టుమెంటు కాపలా. పక్క మగ్గం మనిషి పోయాడని ఆరు నెలల తరువాత తెలిసింది. బాబూ, ముందు ఫోను నంబర్లు రాసుకో.

పర్సనల్_విభాగం_22ఏళ్లు:
వందల మందిని రిలీవ్ చేసిన అనుభవంతో చెబుతున్నాను. కన్నీళ్లు తరువాత, గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు సర్వీసుకు యజమాని ఇచ్చే మొత్తం, అడిగారా? అయిదేళ్లు దాటితే అది మీ హక్కు. లెక్క ఇదీ: చివరి నెల మూల వేతనం, కరువు భత్యం కలిపి 26తో భాగించి, 15తోనూ, పనిచేసిన ఏళ్లతోనూ గుణించాలి.

రణస్థలం_నైట్‌షిఫ్టు:
26 ఏమిటి? మా మందుల కంపెనీలో 30తో భాగించి ఇచ్చారు.

పర్సనల్_విభాగం_22ఏళ్లు:
అయితే మీకు తక్కువ ఇచ్చారు. కార్మిక శాఖ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి.

నెల్లిమర్ల_మగ్గం:
అతను అడిగింది డబ్బు గురించా? మనుషుల గురించి కదా!

పలాస_గుమస్తా:
నిన్న భోజనాల వేళ గదిలోకి వెళ్లి చెప్పేశాను. ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. చీరా వద్దన్నారు, పప్పూ వద్దన్నారు. "నీ తరువాత వచ్చేవాడు మా కిలోలు తగ్గించి రాయకుండా చూసి వెళ్లు బాబూ" అన్నారు. రేపు కొత్త గుమస్తాను వాళ్ల ఎదుటే తూకం దగ్గర నిలబెట్టి పుస్తకం అప్పగిస్తాను. నంబర్లు రాసుకున్నాను.

సోంపేట_కొట్టు:
లెక్కపెట్టాను. నూట ఇరవై ఎనిమిది.

రణస్థలం_నైట్‌షిఫ్టు:
నా మూల వేతనం, భత్యం కలిపి పన్నెండు వేలు, ఏడేళ్ల సర్వీసు. 26 లెక్కన నాకు దాదాపు ఆరు వేల నాలుగు వందల అరవై తక్కువ వచ్చాయి. మానేసి రెండేళ్లయింది. ఇప్పుడు అడగవచ్చా?