చివరికి స్కానే అయితే ఫిల్మ్ రీలు ఎందుకు?

గోదారిగట్టు

మస్కట్‌లో ఉండే మా పెదనాన్న చేత నాన్నగారు 1989లో తెప్పించుకున్న పెంటాక్స్ కె1000 ఫిల్మ్ కెమెరా ఇరవై ఏళ్లకు పైగా బీరువాలోనే ఉండిపోయింది. నాన్నగారు పోయాక, దసరాకి ఇల్లు సర్దుతుంటే బయటపడింది. వెనక తలుపు తీస్తే, వెలుతురు దూరకుండా అంటించిన స్పాంజి తారులా కరిగి వేళ్లకి అంటుకుంది. 50 ఎంఎం లెన్సు అంచున సాలెగూడులా ఫంగస్. మెకానిక్ దగ్గర లెన్సు శుభ్రం చేయించి, స్పాంజి మార్పించి, బటన్ సెల్ వేస్తే వెలుతురు కొలిచే మీటర్ ముల్లు లేచింది. ఆ క్షణం చాలా ఆనందమేసింది.

రెండు రంగు రీళ్లు తీశాను. ల్యాబ్ వాళ్లు కడిగి, స్కాన్ చేసి ఫోన్‌కి లింక్ పంపారు. "నెగెటివ్‌లు కావాలా?" అని అడిగారు. అడిగిన తీరు చూస్తే చాలామంది తీసుకెళ్లరని అర్థమైంది. ఫోటోలు ఫోన్లో చూస్తుంటే మా ఆవిడ అంది: "చివరికి ఫోన్లోనే చూసేటప్పుడు ఫోన్‌తోనే తీస్తే సరిపోయేది కదా?" నా దగ్గర జవాబు లేదు. ఇది కొనసాగించాల్సిన పనేనా, నాన్న మీద బెంగతో చేస్తున్నానా? మొహమాటం లేకుండా చెప్పండి.

పిక్సెల్‌పంతులు

మీ ఆవిడగారు సరిగ్గా అడిగారు. నేనూ రెండేళ్లు ఫిల్మ్ తీసి మానేశాను.

మనం "ఫిల్మ్ రంగులు" అని మురిసిపోయేవి చాలావరకు స్కానర్ వేసిన రంగులే. రంగు నెగెటివ్‌కి నారింజ పొర ఉంటుంది. దాన్ని తీసేసి, రంగులు తిరగేసి, చర్మం ఏ ఛాయలో ఉండాలో తేల్చేది ల్యాబ్‌లో ఉన్న యంత్రం, దాని ముందు కూర్చున్న మనిషి. ఒకే నెగెటివ్‌ని రెండు ల్యాబ్‌లకి ఇచ్చి చూశాను. ఒకచోట మా పాప గౌను లేత గులాబీ, ఇంకోచోట ఇటుక రంగు. రెండిట్లో ఫిల్మ్ రంగు ఏది?

ఖర్చు సంగతి కూడా చూడండి. నా చివరి రీలుకి కడగడం, స్కాన్ కలిపి 1,620 రూపాయలైంది. 36 ఫోటోలకి లెక్కేస్తే ఒక్కోటి 45 రూపాయలు. అందులో బాగున్నవి ఐదో ఆరో.

ఫిల్మ్ నిదానం నేర్పుతుందంటారా? పెంటాక్స్ డిజిటల్ కెమెరా (డీఎస్ఎల్ఆర్) సెకండ్ హ్యాండ్‌లో కొని, నాన్నగారి ఆ లెన్సే తగిలించండి. రెండిటికీ లెన్సు బిగించే అమరిక ఒకటే, కె-మౌంట్, కాబట్టి పడుతుంది. వెనక స్క్రీన్ ఆపేసి, రోజుకి 36 మాత్రమే తీయండి. అదే క్రమశిక్షణ, అదే లెన్సు.

స్టూడియోబాబాయి

నేను 1984 నుంచి 2006 దాకా స్టూడియో నడిపాను. ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు బ్రాండు సరుకు వాడిన తరం మాది. ఫిల్మ్ అంటే మాకు మోజు కాదు, తిండి. బొమ్మని నిలిపే హైపో (అదే ఫిక్సర్) వాసన చొక్కాలకి పట్టేసేది, బొమ్మ తేల్చే డెవలపర్‌కి గోళ్లు గోధుమ రంగు తిరిగేవి. ఇప్పుడు పెళ్లికి ఫిల్మ్ పట్టుకెళ్లమంటే ససేమిరా అంటాను.

ఎందుకో చెప్తాను నాయనా. 1990లో మా దగ్గర కుర్రాడు ఒక పెళ్లికి వెళ్లాడు. కంగారులో రీలు కొన గాడిలో సరిగా దూర్చలేదు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అన్నీ క్లిక్‌మంటూనే ఉన్నాయి. కౌంటర్ 36 దాటి 38కి వచ్చినా రీలు అయిపోకపోయేసరికి అనుమానం వచ్చింది. తీరా చూస్తే రీలు డబ్బాలోంచి కదల్లేదు. పెళ్లికూతురి తండ్రి నన్నేమీ అనలేదు. అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

అందుకే నీకు ఒక్క మాట. రీలు జరిపే లివర్ తిప్పినప్పుడల్లా ఎడమ పక్కన రివైండ్ నాబ్ తిరుగుతోందా లేదా చూడు. తిరిగితే రీలు నడుస్తున్నట్టు. ఇంకోటి, కె1000లో మీటర్‌కి ఆన్-ఆఫ్ స్విచ్ లేదు. వెలుతురు పడితే అది పనిచేస్తూనే ఉంటుంది. వాడనప్పుడు లెన్సు మూత పెట్టకపోతే సెల్ అయిపోతుంది. అయిపోయినా భయం లేదు, షట్టర్‌కి సెల్‌తో పనిలేదు. కేనన్ ఏఈ-1 అయితే బ్యాటరీ లేనిదే షట్టరే పడదు.

చీకటిగది

పంతులుగారు చెప్పినదాంట్లో సగంతో నాకు పూర్తి ఏకీభావం. రంగు రీలు తీసి ల్యాబ్‌కిచ్చి లింక్ తెచ్చుకుంటే, పనిలో సగం మనది కాదు. అయితే దానికి మందు ఫిల్మ్ మానేయడం కాదు. ఆ మిగతా సగం మన చేతిలోకి తీసుకోవడం. నలుపు తెలుపు రీలు వేసి ఇంట్లో కడగండి, గోదారిగట్టు గారూ. మీ ఆవిడగారి ప్రశ్నకి అప్పుడు జవాబు దొరుకుతుంది.

నేను హైదరాబాద్‌లో మా స్నానాల గదిలో కడుగుతాను. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 రీలు, డి-76 డెవలపర్ నీళ్లు కలపకుండా, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. రీలుని స్పూల్ మీదకి చుట్టి వెలుతురు దూరని డెవలపింగ్ డబ్బాలో పెట్టేదాకా మాత్రమే పూర్తి చీకటి కావాలి. మూత పడ్డాక లైటు వేసుకోవచ్చు. పాడైన రీలు ఒకటి తీసుకుని, మొదట వెలుతుర్లో, తర్వాత కళ్లు మూసుకుని చుట్టడం సాధన చేయండి. నాకు వారం పట్టింది.

మనకి అసలు ఇబ్బంది నీళ్లు. మే నెలలో ట్యాంకు నీళ్లు 32 డిగ్రీలుంటాయి. ఆ వేడికి డెవలపర్ మరీ త్వరగా పనిచేస్తుంది, టైమ్ ఐదు నిమిషాల లోపుకి పడిపోతే మరకలు మరకలుగా వస్తుంది. అందుకని సీసాని ఐస్ ముక్కల బేసిన్‌లో పెట్టి, థర్మామీటర్ 20 చూపించేదాకా ఆగుతాను. ఆ ఆగడం నాకు టెన్షన్ కాదు, రోజు మొత్తంలో నేను ఫోన్ ముట్టని ఇరవై నిమిషాలు అవే. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక నెగెటివ్ మీద తెల్ల చుక్కలు మిగులుతాయి. ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో చేయండి.

రీలు బయటకి తీసి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుంటే మొదట కనపడేది మన మనుషులే, కాకపోతే తెల్ల జుట్టుతో, నల్లటి ముఖాలతో. పోయిన సంక్రాంతికి మా అమ్మ ముగ్గు వేస్తున్న నెగెటివ్ ఒకటి ఉంది. ముగ్గు గీతలు నల్లగా, వాకిలి తెల్లగా. బొమ్మని పెద్దది చేసి కాగితం మీద పడేసే ఎన్‌లార్జర్‌లో పెట్టి ప్రింట్ వేసుకున్నాను. అందులో స్కానర్ లేదు, లింక్ లేదు. అమ్మ మీద పడిన వెలుతురు నెగెటివ్ మీద ముద్ర వేసింది, ఆ నెగెటివ్ గుండా వచ్చిన వెలుతురు కాగితం మీద పడింది. పంతులుగారి డీఎస్ఎల్ఆర్ క్రమశిక్షణ నేర్పుతుంది, ఒప్పుకుంటాను. ఇది మాత్రం ఇవ్వదు.

పిక్సెల్‌పంతులు

ఎన్‌లార్జర్ ప్రింట్ వాదన బలమైనది, కాదనను. అయితే మీలా ఎన్‌లార్జర్ ఉన్నవాళ్లు ఎందరు? కడిగి మళ్లీ స్కానే చేస్తారు. వాడేసిన ఫిక్సర్ ఎక్కడ పోస్తున్నారు? అందులో వెండి కరిగి ఉంటుంది, డ్రైనేజీలో పోస్తే మంచిది కాదు.

స్టూడియోబాబాయి

మా రోజుల్లో వాడిన హైపో కొనుక్కోవడానికే మనుషులు వచ్చేవాళ్లు, వెండి తీసుకోవడానికి. ఇప్పుడు ఒకళ్లిద్దరు చేసేదానికి ఎవరూ రారు. డబ్బాలో దాచి, ఎక్స్‌రే ఫిల్మ్ కడిగే చోటు ఇంకా ఉంటే వాళ్లనడుగు.

డల్లాస్‌నుంచి

ఎవరైనా ఇటునుంచి రీళ్లు తెప్పించుకుంటే ఒక జాగ్రత్త. చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టనివ్వకండి. చేతి సంచుల దగ్గర కూడా ఇప్పుడు సీటీ స్కానర్లు వచ్చాయి, కడగని రీలు వాటిలో ఒక్కసారి వెళ్లినా పొగ పట్టినట్టు అవుతుంది. పారదర్శక కవర్లో విడిగా పెట్టి, చేత్తో చూడమని అడగాలి.

గోదారిగట్టు

మూడు వారాలు పట్టింది జవాబివ్వడానికి. హెచ్‌పీ5 ఒకటి వేశాను. రివైండ్ నాబ్ తిరగడం ప్రతిసారీ చూశాను బాబాయిగారూ. చీకటిగది గారు చెప్పినట్టే కడిగాను, ఐస్ సరిపోక 22 డిగ్రీల దగ్గర ఆరు నిమిషాల చిల్లరకి ఆపేశాను. 36లో 31 వచ్చాయి. మిగతా ఐదూ స్పూల్ మీద అంటుకుపోయి చంద్రవంకల్లాంటి మచ్చలు పడ్డాయి.

22వ ఫ్రేమ్‌లో పుష్కర ఘాట్ దగ్గర మా ఆవిడ, వెనకాల హేవ్‌లాక్ వంతెన. నెగెటివ్‌ని కిటికీకి పట్టుకుని తనే చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. డబ్బాలో ఇంకో రీలు ఉందా అని మాత్రం అడిగింది. నా ప్రశ్నకి జవాబు దొరికిందని అనను, ఇంకో రీలు మాత్రం వేశాను.

పిక్సెల్‌పంతులు

నా మాట మీద నేనున్నాను. అయినా ఆ 22వ నెగెటివ్ నాకు పంపండి. చీకటిగది గారు దానికి ఎన్‌లార్జర్ ప్రింట్ వేయగలిగితే, నేను లైట్ టేబుల్ మీద పెట్టి డీఎస్ఎల్ఆర్‌తో తీసి అదే సైజు ప్రింట్ తీయిస్తాను. రెండూ మీ ఆవిడగారి ముందు పెట్టండి, ఏది ఎవరిదో చెప్పకుండా.

చీకటిగది

నేను సిద్ధం. 8 x 10 కాగితం ఉంది. ముందు నాకు పంపండి, నేను పంతులుగారికి పంపుతాను.

గోదారిగట్టు

శనివారం కొరియర్ చేస్తాను. ఆరు ఫ్రేముల ముక్కగా కోసి, మడత పడకుండా రెండు అట్టల మధ్య పెడతాను.