నవంబరు, డిసెంబరు తుపాన్లు: తీరం దాకా వచ్చేలోపు మీరు ఏం గమనిస్తారు?

సార్వా రైతు
బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న కబురు రాగానే వాట్సాప్ గ్రూపుల్లో మ్యాపులు మొదలవుతాయి. పొద్దున నెల్లూరు అంటారు, సాయంత్రానికి కాకినాడ అంటారు. మాకు అది సరిగ్గా వరి కోతల సమయం. కోసి పనల మీద (చేలో పరిచిన వరి మీద) ఉండగా వాన పడితే గింజ మొలకెత్తుతుంది, కోయకుండా వదిలేస్తే గాలికి చేను పడిపోతుంది. రెండు మూడు రోజుల ముందే ఏదో ఒకటి తేల్చుకోవాలి. తుపాన్లను మొదటి నుంచి గమనించే అలవాటున్నవాళ్లు ఏం చూసి ఒక అంచనాకు వస్తారో చెప్పండి.

మబ్బుల లెక్క
అల్పపీడనం బలపడి వాయుగుండంగా (తుపానుకు ముందు దశ) మారకముందు తిరిగే మ్యాపుల్లో తీరం దాటే చోటును అస్సలు పట్టించుకోకండి. కేంద్రం ఎక్కడుందో ఇంకా కుదురుకోని దశలో కంప్యూటర్ మోడల్ గీసే గీత పూటపూటకూ మారుతుంది. ఆ రోజుల్లో నేను యూరోపియన్ మోడల్, అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ దగ్గరకొస్తున్నాయా, దూరమవుతున్నాయా అన్నదే చూస్తాను. రెండు మూడు సార్లు వరసగా ఒకే వైపు చెబితే అప్పుడు కొంత నమ్మకం.

సీజన్ చివర్లో వచ్చే వాటిలో బలం గురించి వేరేగా ఆలోచించాలి. డిసెంబరు నాటికి మన తీరం దగ్గర సముద్రం కాస్త చల్లబడుతుంది. వాయవ్యం నుంచి పొడిగాలి దిగుతుంది. కింద గాలి ఒక వైపు, పైన గాలి ఇంకో వైపు వీస్తే తుపాను నిలువుగా నిలబడలేదు. శాటిలైట్ బొమ్మల్లో మబ్బులన్నీ ఒక పక్కకు ఒరిగిపోయి కేంద్రం బోసిగా కనిపిస్తే అది నీరసిస్తోందనే అర్థం. 2013 నవంబరులో లెహర్ సముద్రంలో అతి తీవ్ర తుపానుగా ఉండి, 28న మచిలీపట్నం దగ్గర తీరం దాటేసరికి వాయుగుండం అయిపోయింది. 2021 డిసెంబరులో జవాద్ కూడా ఒడిశా తీరం చేరకముందే బలహీనపడింది.

అలాగని సీజన్ ముగిసిపోతోంది కదా, ఏం కాదులే అనుకోవద్దు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, కోనసీమ తుపాను 1996 నవంబరు 6న వచ్చాయి.

వేట కబురు
కోనసీమ తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్లలో వేటకు వెళ్లినవాళ్లు చాలామంది. అందుకే మా వాళ్లకి అల్పపీడనం అన్న మాటే పెద్ద హెచ్చరిక. దూరం వెళ్లిన బోటు తిరిగి ఒడ్డుకు రావడానికి చాలా టైం పడుతుంది, తుపాను అని ప్రకటించేదాకా ఆగితే లాభం లేదు.

పోర్టుల్లో ఎగరేసే హెచ్చరిక నంబర్ల గురించి కూడా చెబుతాను, టీవీలో అంకె చెప్పి వదిలేస్తారు. 1, 2 అంటే తుపాను ఇంకా దూరంగా సముద్రంలో ఉంది. 3, 4 అంటే పోర్టు దగ్గరే వాతావరణం చెడుతోంది. 5 నుంచి 7 దాకా ప్రమాదం, 8 నుంచి 10 దాకా పెను ప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని.

సార్వా రైతు
ధన్యవాదాలండీ, నంబర్ల సంగతి ఇంత వివరంగా తెలియదు. ఇంకో సందేహం. గాలి వేగం యాప్‌లో ఒకటి ఉంటుంది, వాతావరణ శాఖ బులెటిన్‌లో ఇంకొకటి. ఏది తీసుకోవాలి?

మబ్బుల లెక్క
బులెటిన్ తీసుకోండి. మన వాతావరణ శాఖ 3 నిమిషాల సగటు వేగం ఇస్తుంది, అమెరికా హెచ్చరిక కేంద్రం 1 నిమిషం సగటు ఇస్తుంది. తక్కువసేపటి సగటు ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తుంది. కొన్ని యాప్‌లు ఈదురుగాలి (ఒక్కసారిగా విసిరే గాలి) వేగాన్నే పెద్ద అక్షరాల్లో వేస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు బులెటిన్‌లో గాలి 90 నుంచి 100 కిలోమీటర్లు, ఈదురుగాలులు 110 అని విడివిడిగా ఇచ్చారు. తుపాను స్థాయికి చేరాక బులెటిన్ మూడు గంటలకోసారి వస్తుంది, కాబట్టి పాత స్క్రీన్‌షాట్లతో పని లేదు.

చెరువుగట్టు
మిచౌంగ్ మాట వచ్చింది కాబట్టి నాదీ ఒక మాట. అది దాటింది బాపట్ల దగ్గర. చెన్నై మునిగింది అంతకు ముందే, 3, 4 తేదీల్లో, తుపాను ఇంకా సముద్రంలో ఉండగా. తీరం పక్కనే నెమ్మదిగా పైకి పాకుతూ దారిపొడవునా కురిసింది. మ్యాపులో గరాటులా కనిపించే ఆ భాగం కేంద్రం ఎటు వెళ్లొచ్చో చెబుతుంది, అంతే. వాన ఎంత దూరం పడుతుందో అందులో ఉండదు. "మన జిల్లా గరాటులో లేదు" అని నిశ్చింతగా ఉండేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

మాకు రొయ్యల చెరువులు. గాలి కంటే కరెంటు పోవడమే మాకు టెన్షన్. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే ఆక్సిజన్ పడిపోతుంది. వాయుగుండం అనగానే జనరేటర్ నడిపి చూసి, డీజిల్ తెచ్చి పెట్టుకుంటాం.

తీరవాసి
ఉప్పెన గురించి ఎవరూ రాయలేదు. మన దగ్గర తుపాను కదిలే దిశకు కుడిపక్క గాలి సముద్రం నుంచి భూమి మీదకు తోస్తుంది. వాయవ్యంగా వస్తుంటే దాటే చోటుకు ఉత్తరాన, ఈశాన్యాన ఉన్న ఊళ్లకే ఉప్పెన భయం ఎక్కువ. ఎడమ పక్క గాలి నీటిని సముద్రంలోకి లాగేస్తుంది. అందుకే గీత ఒక 50 కిలోమీటర్లు అటూ ఇటూ అయినా మాకు కథంతా మారిపోతుంది. దాటే సమయానికి సముద్రం పోటు మీద ఉంటే ఇంకా ఎత్తు పెరుగుతుంది. పోటు వేళలు ముందే చూసి పెట్టుకుంటాను. ఖాళీ చేయమని చెబితే అంకెలు చూస్తూ కూర్చోకుండా బయల్దేరాలి. దివిసీమలో దాదాపు 5 మీటర్ల ఎత్తున నీళ్లు వచ్చాయి. అంత ఎత్తు నీటికి ఏ పెంకుటిల్లూ ఆగదు.

మబ్బుల లెక్క
తీరం దాటిందనగానే ఫోన్ పక్కన పడేయొద్దని కూడా చేర్చండి. 2024 నవంబరు 30న ఫెంగల్ పుదుచ్చేరి దగ్గర దాటి, గంటల తరబడి అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత విలుప్పురం, కృష్ణగిరి లాంటి లోపలి జిల్లాలు కూడా నీళ్లలో చిక్కుకున్నాయి. గాలి తగ్గినా వాన తగ్గకపోవచ్చు. దాటాక ఎంత వేగంగా కదులుతోందో బులెటిన్‌లో ఉంటుంది. అది గంటకు 5, 6 కిలోమీటర్లకు పడిపోతే జాగ్రత్త.

కళ్లం
అన్నా, నీ కోత సంగతి. 72 గంటల ముందు వచ్చే తొలి హెచ్చరికలో మన జిల్లాకు భారీ వాన ఉందంటే నేను కొత్తగా కోత పెట్టను. కోత మిషన్ దొరికి, అదే రోజు ధాన్యం నూర్చి కప్పు కిందకు చేర్చగలిగితేనే కోయిస్తాను. అప్పటికే పనల మీద ఉన్నది కుప్ప వేసి పరదాలు కప్పేస్తాం, చేల గట్లు తెగ్గొట్టి నీళ్లు పోయే దారి చేస్తాం. పనలు తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే మొలక ఆగుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు కాబట్టి ఎండ రాగానే ముందు ఆరబోత పని చూసుకోండి.

సార్వా రైతు
మిషన్ వాళ్లతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకుంటాను. ఉప్పు ద్రావణం పడిపోయిన చేను మీద కూడా చల్లొచ్చా, పనల మీదేనా?

కళ్లం
పడిపోయిన చేనుకూ అంతే. ముందు నీళ్లు తీసేసి, వెన్నులు బాగా తడిసేలా చల్లు.