అశ్వగంధ మొలవట్లేదు, ఏం చేయాలి?

చెలక రైతు, పర్వతగిరి
ఈసారి పత్తి మానేసి ఎర్ర చెలకలో ఎకరం అశ్వగంధ చల్లాను. గింజ పక్కూరాయన దగ్గర తెచ్చాను, ఏ ఏడాదిదో ఆయనకే తెలీదు. ఎక్కడో ఒకటి తప్ప మొలక లేదు. జిబ్బరెల్లిక్ అనే మొలకను లేపే హార్మోను మందులో నానబెట్టి మళ్లీ చల్లమంటున్నారు, నిజమేనా? మా బోరు నీళ్లు ఉప్పన, తడి ఇవ్వొచ్చా? ముసురు పడితే తట్టుకుంటుందా?

నర్సంపేట మిర్చి
ముసురు సంగతి నన్నడుగు అన్నా. నల్లరేగడిలో వేశాను, నీళ్లు నిలిచి మొక్క మొదట్లో నల్లబడి దారప్పోగులా సన్నబడి వరసగా పడిపోయాయి. కరువుని తట్టుకునే పంట అని అందరూ ఊదరగొడతారు. ఎండకి ఆగుతుంది, నిల్వ నీళ్లకి ఆగదు. అది ఎవరూ చెప్పరు.

ఎమ్మెస్సీ బాటనీ
నేను ఈ సబ్జెక్టే చదివాను కాబట్టి చెప్తున్నా. గింజకు నిద్రావస్థ ఉంటుంది. 200 పీపీఎం, అంటే లీటరు నీళ్లకు 200 మిల్లీగ్రాముల జిబ్బరెల్లిక్‌లో రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరబెట్టి చల్లండి. సింపుల్.

పరకాల షాపు
సింపులా? మా దగ్గర అమ్మే సీసా మీద 0.001 శాతం అని ఉంటుంది. అంటే చుక్క నీళ్లు కలపకపోయినా 10 పీపీఎం. మీ 200 ఎక్కడి నుంచి వస్తుంది సార్?

ఎమ్మెస్సీ బాటనీ
నేను చెప్పింది 90 శాతం పౌడర్. లీటరుకు పావు గ్రాము కూడా పట్టదు. ముందు కాస్త స్పిరిట్‌లో కరిగించాలి, నేరుగా నీళ్లలో వేస్తే అడుగున పేరుకుంటుంది. తెలియకపోతే అడగండి, వెటకారం ఎందుకు?

పరకాల షాపు
పావు గ్రాము తూచే కాంటా రైతింట్లో ఎక్కడుంటుంది? ఎనుమాముల మార్కెట్లో క్వింటాళ్ల కాంటా తప్ప ఇంకోటి ఎరగం. ల్యాబు ముచ్చట్లు ల్యాబులో పెట్టుకోండి.

ములుగు అక్క
మీ ఇద్దరి కొట్లాటలో ఆ తమ్ముడి అదను పోతుంది. పాత గింజని ఏ మందులో నానబెడితే ఏం లాభం? నేను ఎర్రగా పండిన కాయలు పిసికి, నీళ్లలో కడిగి, తేలిన తాలు పారబోసి నీడలో ఆరబెట్టుకుంటాను. చల్లే ముందు వంద గింజలు తడిగుడ్డలో కట్టి చూస్తాను, పది రోజుల్లో సగం కూడా పగలకపోతే ఆ సంచి ముట్టను. ఇంకోటి, గింజ లోతుకి పోకూడదు. సన్న ఇసుక కలిపి చల్లి పైన వేపమండ ఈడిస్తే చాలు. మావాళ్లు గుంటక తోలి పూడ్చేస్తారు, ఆ తర్వాత విత్తనాల వాణ్ణి తిడతారు.

జనగామ పోరడు
కోతులు ముట్టవంట కదా, అందుకే అడుగుతున్నా. మాకు మక్క వేసే పరిస్థితి లేదు.

నర్సంపేట మిర్చి
కోతులు ఆకు ముట్టలేదు, మేకలు కూడా. పందులే తవ్విపోశాయి.

మహబూబాబాద్ 64
పండించడం కాదు బాబూ, అమ్మి చూపించండి. కొంటామని కాగితం రాసిన కంపెనీ వేర్లు తవ్వాక ఫోనెత్తలేదు. మధ్యప్రదేశ్ నీమచ్ మండీకి లారీలో వేసి పంపితే కిరాయికే సగం పోయింది. అక్కడ వేరు విరిచి చూస్తారు, పుటుక్కున విరిగి లోపల తెల్లగా ఉంటేనే రేటు. పీచు వేరుకి అడిగేవాడు లేడు.

చెలక రైతు, పర్వతగిరి
ఉప్పు నీళ్ల గురించి ఒక్కరూ చెప్పలేదు.

ఎమ్మెస్సీ బాటనీ
మొలక దశలో వద్దు, ఉప్పుకి మొలక శాతం పడిపోతుంది. వాన పదును చూసుకుని చల్లండి. మొక్క నిలదొక్కుకున్నాక కొంత ఓర్చుకుంటుంది. షాపాయన దీనికీ లెక్క అడుగుతాడేమో.

పరకాల షాపు
ఇది కరెక్టే చెప్పారు.

ములుగు అక్క
బోడుప్పల్‌లో ఔషధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ వాళ్ల సెంటర్‌లో పోషిత అనే అశ్వగంధ రకం ఉందేమో కనుక్కుంటున్నా. చల్లితే ఎకరాకు నాలుగైదు కిలోలు పడుతుంది. కావాల్సినవాళ్లు చెప్పండి, కలిపి తెద్దాం.

జనగామ పోరడు
నాకు అరెకరానికి రాయండి అక్కా. పందులకి సోలార్ కంచె ఎవరైనా వేశారా?