పార్కులో గడ్డి మందు కొట్టాలా, వద్దా?

పాలమూరు కాలనీవాసి:
మహబూబ్‌నగర్‌లో మా కాలనీ పార్కు ఎకరం లోపే ఉంటుంది. వానలు మొదలైన మూడు వారాలకే సగం వయ్యారిభామ, సగం తుంగతో నిండిపోయింది. కూలీలను పెట్టి రెండుసార్లు తీయించాం. తుంగ పది రోజుల్లో మళ్లీ లేచింది. మొన్న ఆదివారం మీటింగులో గ్లైఫోసేట్ అనే గడ్డి మందు కొట్టిద్దామని కొందరు, పిల్లలు ఆడుకునే చోట వద్దని కొందరు. మాటా మాటా పెరిగింది. వచ్చే ఆదివారం తేల్చాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నల్గొండ రైతు:
కొట్టించండి సార్. తుంగకు భూమిలో గడ్డలుంటాయి. పీకితే పైన ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండి మళ్లీ మొలుస్తుంది. గ్లైఫోసేట్ ఆకు మీద పడి గడ్డ దాకా దిగుతుంది. పైగా మన దేశంలో ఆ మందుకు అనుమతి ఉన్నదే తేయాకు తోటలకు, పంట లేని భూములకు. పార్కు పంట లేని భూమే కదా. కూలీల డబ్బులు ఎన్నిసార్లు ఇస్తారు?

టీచరమ్మ, దేవరకొండ:
గ్లైఫోసేట్‌ను నిషేధించారు కదా అన్నా?

చల్క నేల:
నిషేధం కాదక్కా. 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ఏమిటంటే, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు, అంటే మందు కొట్టే పనికి లైసెన్సు ఉన్నవాళ్లు తప్ప వేరేవాళ్లు దాన్ని వాడొద్దని. కాబట్టి కాలనీ వాచ్‌మన్ భుజాన ట్యాంకు తగిలించి కొట్టించే మాట మాత్రం మర్చిపోండి. క్యాన్సర్ సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దాన్ని 'బహుశా క్యాన్సర్ కారకం' అన్నది. అమెరికా పర్యావరణ సంస్థ ఆ మాట ఒప్పుకోలేదు. నేను వద్దనేది ఆ ఒక్క కారణానికి కాదు.

మాది నల్గొండ. మా కాలనీ పార్కులో ఒక ఏడాది కొట్టించారు. ఆ సాయంత్రం గాలి లేచింది. పక్కన హరితహారంలో పెట్టిన చిన్న మొక్కల మీద మందు పడి పదిహేను రోజుల్లో ఆకులు మాడాయి. వాటికి రెండేళ్లు నీళ్లు పోసింది మేమే. అప్పుడు కూర్చుని ఆలోచించాం, మనం ఎవరితో కొట్లాడుతున్నాం అని.

రైతన్నా, మీ పత్తి చేనులో తుంగ ఉంటే దిగుబడి పోతుంది. అది మీకు నిజమైన నష్టం. పార్కులో దిగుబడి ఎక్కడిది? తుంగ మీద పిల్లలు ఆడితే ఏమవుతుంది? ఏమీ కాదు. నెలకోసారి మిషన్‌తో కోస్తే పచ్చగానే ఉంటుంది. వయ్యారిభామ అట్లా కాదు. దాని పుప్పొడికి ఆయాసం, ముట్టుకుంటే దురద, పుండ్లు. మా అత్తమ్మ మెడ మీద మచ్చలు మూడేళ్లు పోలేదు. అందుకని శ్రమంతా ముందు దాని మీద పెట్టండి. ఒక్క మొక్క 10,000కు పైగా గింజలు రాల్చగలదు, కాబట్టి పూత రాకముందే పీకాలి. వాన పడ్డ మర్నాడు వేరుతో సహా సులువుగా వస్తుంది. చేతులకు గ్లౌజులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఆయాసం ఉన్నవాళ్లను ఆ దరిదాపులకు రానీయొద్దు. పూత లేనివైతే ఎరువు గుంతలో వేయొచ్చు, పూసినవి వేయొద్దు.

ఖాళీ అయిన జాగాను ఖాళీగా వదిలితే మళ్లీ అదే వస్తుంది. ప్రహరీ పొడుగునా తంగేడు పెట్టండి. అది వయ్యారిభామను ఎదగనీయదు, బతుకమ్మకు పూలూ ఇస్తుంది. ఇంకో మాట. గడ్డి మందుకు కలుపేదో, బతుకమ్మలో పేర్చే గునుగేదో తెలియదు. మా ఊరి చేలల్లో గునుగు ఎట్లా కరువైందో చూస్తున్నాం. కాలనీ పార్కులో ఒక మూల గునుగు పూస్తుంటే ఆడవాళ్లెవరూ దాన్ని కలుపనరు.

నల్గొండ రైతు:
వయ్యారిభామ మాట ఒప్పుకుంటున్నా అక్కా. దానికి చేతి పనే మేలు. తుంగ మాత్రం నేనొప్పుకోను. పైన కోస్తే లోపలి గడ్డలు చావవు. రేపు మొక్కలు పెట్టే పాదుల్లోకి వస్తే ఏం చేస్తారు?

చల్క నేల:
పాదుల సంగతి మీరన్నది నిజమే అన్నా. అక్కడ వదలొద్దు. గడ్డపారతో తవ్వి గడ్డలు ఏరాలి, పైన ఎండుటాకులు నాలుగు వేళ్ల మందం పరవాలి. తుంగ నీడకు ఓర్వదు, చెట్లు గుబురైతే దానంతట అదే పలచబడుతుంది. కొత్తగా మొక్కలు పెట్టే చోట ఏప్రిల్, మే నెలల్లో నేలను తడిపి పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి, అంచులు మట్టితో మూసి, ఐదారు వారాలు ఉంచండి. మన ఎండకు మట్టి ఉడికి పైపొరలో గింజలు చస్తాయి. లోతు గడ్డలు కొన్ని మిగులుతాయి, ఒక్క ఏడాదిలో తీరదు. మేము మూడో ఏట ఉన్నాం.

పాలమూరు కాలనీవాసి:
మందారాలకు తెల్లగా దూదిలా పట్టింది. వేప చెట్టు కొమ్మలు కూడా ఎండుతున్నాయి. వాటికీ మందు కొట్టాలంటున్నారు.

టీచరమ్మ, దేవరకొండ:
దూదిలా ఉన్నది పిండినల్లి. మా బడి తోటలో చీమలు దాన్ని మోసుకొచ్చేవి. ముందు ఎక్కువ పట్టిన కొమ్మలు కత్తిరించండి, పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి. లీటరు నీటికి 5 మి.లీ. వేప నూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. చల్లే ముందు ఒక్కసారి దగ్గరికెళ్లి చూడండి. పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్లలు కూడా ఒంటి నిండా తెల్ల మైనంతో అచ్చం అట్లాగే ఉంటాయి, కాకపోతే పెద్దగా ఉండి చురుగ్గా నడుస్తాయి. మేము మొదట తెలియక వాటినే నలిపేశాం. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వేప గురించి టెన్షన్ పడొద్దు. 2021లో తెలంగాణ అంతటా వేపలు ఎండుతెగులుతో మాడాయి. మా వీధిలో ఐదు చెట్లూ వాన పడ్డాక చిగురించాయి. ఎండిన కొమ్మలు కోసి కాల్చేయండి. పిల్లల నెత్తిన పడేలా అంత ఎత్తు చెట్టుకు మందు కొట్టించడం నాకు మనసొప్పదు.

నల్గొండ రైతు:
మా నాన్న కాలంలో ఆముదం చేలను ఎర్ర గొంగళి పురుగు తినేది. తొలకరి పడగానే ఊరంతా కలిసి రాత్రిపూట మంటలు పెట్టేవాళ్లు. రెక్కల పురుగులు వచ్చి అందులో పడేవి. ఒక్కరు పెడితే లాభం ఉండేది కాదు. సార్, పార్కు చుట్టూ ఖాళీ ప్లాట్లున్నాయా? అక్కడి వయ్యారిభామ వదిలేస్తే మీ పార్కు పని వృథా అవుతుంది.

పాలమూరు కాలనీవాసి:
నాలుగు ప్లాట్లున్నాయి. రెండింటి ఓనర్లు హైదరాబాద్‌లో ఉంటారు, ఫోన్ చేస్తాను. మొక్కలు ఇంకా పూతకు రాలేదు. ఆదివారం మీటింగు మానేసి పొద్దున ఆరింటికి అందరం పార్కులోనే కలుద్దామని గ్రూపులో పెడుతున్నాను. గ్లౌజులు ముప్పై జతలు తెస్తాను.