‘ఎవరి దారిన వారు’, ‘తలో దిక్కుకు’: ఒక నౌకాదళ ఆజ్ఞలోని రెండు క్రియలు

రెండో ప్రపంచయుద్ధానికి సంబంధించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘డిస్పర్స్’, ‘స్కాటర్’ అనే రెండు క్రియల దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. మొదటి ప్రతిలో రెండింటికీ ‘చెల్లాచెదురు కావడం’ అనే రాశాను. తిరిగి చదువుకున్నప్పుడు, ఆ వృత్తాంతానికి ప్రాణమైన తేడా, పదమూడు నిమిషాల ఎడంతో వచ్చిన రెండు ఆజ్ఞల మధ్య తేడా, నా తెలుగులో పూర్తిగా మాయమైందని గ్రహించాను. సభ్యుల అభిప్రాయం కోరుతూ ఆ సందర్భాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను.

1942 జూన్ 27న ఐస్‌లాండ్ నుంచి 35 వర్తక నౌకలు సోవియట్ రేవులకు బయలుదేరాయి. ఈ పీక్యూ 17 కాన్వాయ్‌లో ట్యాంకులు, విమానాలు, లారీలు, ఇతర యుద్ధసామగ్రి ఉన్నాయి. కాన్వాయ్ అంటే ఓడల గుంపు కాదు. ఓడలు బారులు బారులుగా నడుస్తాయి. ఏ ఓడ ఏ బారులో ఎన్నోదో, ముందున్న ఓడకు ఎంత ఎడం పాటించాలో ముందే నిర్ణయిస్తారు. చుట్టూ యుద్ధనౌకలు కావలి కాస్తాయి. జలాంతర్గామి దాడి చేయాలంటే ఆ కావలి వలయాన్ని దాటి రావాలి, దాడి చేశాక ప్రాణాలతో తప్పించుకోవాలి. బారులోని ఓడకు ఉన్న రక్షణ అంతా అదే.

జూలై 4 రాత్రి లండన్‌లోని నౌకాదళ ప్రధాన కార్యాలయం నుంచి వెంటవెంటనే మూడు ఆజ్ఞలు వచ్చాయి. జర్మన్ల మహాయుద్ధనౌక టిర్పిట్జ్ నార్వే తీరం నుంచి బయటికి వస్తుందన్న భయమే వాటికి కారణం. 9 గంటల 11 నిమిషాలకు వచ్చిన మొదటి ఆజ్ఞ, రక్షణగా ఉన్న క్రూయిజర్లనే పెద్ద యుద్ధనౌకలను వేగంగా పడమటికి మళ్ళమన్నది. 9.23కు వచ్చిన రెండోది కాన్వాయ్‌ను ‘డిస్పర్స్’ అయి రష్యా రేవులకు వెళ్ళమన్నది. 9.36కు వచ్చిన మూడోది, తాము 9.23కు పంపిన ఆజ్ఞను ప్రస్తావిస్తూ, కాన్వాయ్ ‘స్కాటర్’ కావాలన్నది.

నౌకాదళ పరిభాషలో ఈ రెండూ పర్యాయపదాలు కావు. ‘డిస్పర్స్’ అంటే బారు విడిచి, ఏ ఓడకు ఆ ఓడ తన వేగంతో గమ్యానికి సాగిపోవడం. కాని గమ్యం ఒక్కటే కనుక, సంతకు బయలుదేరిన బండ్లను ఎవరి దారిన వారిని పొమ్మన్నా అన్నీ ఆ ఒక్క బాటలోనే కనిపించినట్లు, ఓడలన్నీ గంటల తరబడి దగ్గర దగ్గరగానే ఉంటాయి. ‘స్కాటర్’ అలాంటిది కాదు. మధ్య బారు నేరుగా సాగుతుంది. దానికి ఇరుపక్కల ఉన్న బారులు బయటికి మళ్ళుతాయి, దూరంగా ఉన్న బారు మరింత ఎక్కువ కోణంలో మళ్ళుతుంది. తాటాకు ఈనెలు కాడ దగ్గర నుంచి విచ్చుకున్నట్లు ఓడలు తలో దిక్కుకు విడివడి, ఒకదానికొకటి కనుమరుగవుతాయి. పెద్ద ఫిరంగులున్న యుద్ధనౌక ఎదురైతే తప్పించుకోవడానికి ఇది సరైన పద్ధతే.

మూడో ఆజ్ఞ నిజానికి రెండోదాని పదాన్ని సరిదిద్దడానికి పంపినది. ఓడలు కలిసికట్టుగా టిర్పిట్జ్‌కు చిక్కకూడదన్నదే లండన్ ఉద్దేశం. సముద్రం మీద దాన్ని అందుకున్నవారికి మాత్రం అలా వినిపించలేదు. పదమూడు నిమిషాల్లో మాట ఇంతగా తీవ్రమైందంటే శత్రునౌక ఏ క్షణాన్నైనా కనబడబోతున్నదని వారు అర్థం చేసుకున్నారు. కావలి దళపతి బ్రూమ్ యుద్ధం తప్పదనుకొని తన డిస్ట్రాయర్లనే చిన్న, వేగవంతమైన యుద్ధనౌకలను వెంటబెట్టుకొని క్రూయిజర్ల వైపు వెళ్ళిపోయారు. టిర్పిట్జ్ మరునాడు బయలుదేరినా, ఆ సాయంత్రమే వెనక్కి మళ్ళింది. దిక్కులేకుండా మిగిలిన వర్తక నౌకల మీద విమానాలు, జలాంతర్గాములు పడ్డాయి. మొత్తం 35లో 24 మునిగిపోయాయి. 430 ట్యాంకులు, 210 విమానాలు, సుమారు లక్ష టన్నుల ఇతర సరుకు సముద్రం పాలయ్యాయి. 153 మంది వర్తక నావికులు చనిపోయారు. ఇంత నష్టానికి దారి తీసిన మాటను తెలుగులో అలవోకగా రాసి ముందుకు పోవడానికి నాకు మనసు ఒప్పుకోలేదు.

‘జలాంతర్గామి’ అన్న మాట గురించి కూడా ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నీటి లోపల సంచరించేది అని ఆ సమాసం చెబుతుంది గాని, ఆనాటి జర్మన్ జలాంతర్గామి అవసరమైనప్పుడు మాత్రమే మునిగే పడవ. నీటి పైన దాని వేగం సుమారు 17 నాట్లు (గంటకు 17 సముద్రపు మైళ్ళు), మునిగితే అందులో సగం కూడా ఉండదు. కావలి నౌకలు ఉన్నంతసేపు అది తల దాచుకోక తప్పదు. ఒంటరి సరుకు ఓడనైతే అది పైకి తేలి, పట్టపగలే తరిమి పట్టుకోగలదు; జూలైలో ఆ ఉత్తరధ్రువ ప్రాంతపు సముద్రంలో సూర్యుడు అస్తమించడు కూడా. యుద్ధనౌక నుంచి కాపాడవలసిన ఆజ్ఞ జలాంతర్గామికి ఎలా ఉపకరించిందో పాఠకుడికి తెలియాలంటే ఈ వివరం అవసరమని నా అభిప్రాయం.

ఈ చర్చలో ఒక సభ్యులు, ‘పోలీసులు గుంపును చెదరగొట్టారు’ అని పత్రికలు రాస్తున్నప్పుడు ‘డిస్పర్స్’కు ‘చెదరడం’ స్థిరపడినట్లే కదా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నాకున్న అభ్యంతరం ఏమిటంటే, చెదరడంలో కర్త ఇచ్ఛ ఉండదు. జుట్టు చెదురుతుంది, బొట్టు చెదురుతుంది, అలికిడికి పిట్టలు చెదిరిపోతాయి. ‘చెల్లాచెదురు’లోనైతే ఓటమి, భయం కూడా ధ్వనిస్తాయి. పీక్యూ 17 ఓడలు భయపడి పారిపోలేదు. జెండా సంకేతం చూసి, నిర్దేశించిన కోణంలో, క్రమశిక్షణతో విడిపోయాయి. ఆ నావికుల పట్ల మనం పాటించవలసిన కనీస న్యాయం ఇది.

అందువల్ల 9.23 నాటి ఆజ్ఞను ‘బారు విడిచి ఎవరి దారిన వారు రష్యా రేవులకు చేరండి’ అని, 9.36 నాటి ఆజ్ఞను ‘తలో దిక్కుకు విచ్చుకుపొండి’ అని మార్చాను. ‘కాన్వాయ్’ అన్నప్పుడు నేటి పాఠకుడికి మంత్రిగారి కార్ల వరుస గుర్తుకు వస్తుంది కనుక, మొదటి ప్రస్తావనలో ‘ఓడల బిడారు’ అని రాసి, తరువాత కాన్వాయ్ అనే ఉంచాను. ‘విచ్చుకుపోవడం’ పువ్వులకే గాని ఓడలకు నప్పదని అనిపించినవారు, ఇచ్ఛాపూర్వకమైన కదలికను, వేర్వేరు దిక్కులను కలిపి చెప్పగల మరో క్రియ ఉంటే దయచేసి సూచించగలరు.