అన్నయ్య కట్టాల్సిన రెస్టిట్యూషన్: నెల వాయిదా తగ్గించమని అడగవచ్చా?

ప్రశ్న:
అమెరికాలో వైర్ ఫ్రాడ్ (ఫోన్, ఇంటర్నెట్ లాంటివాటి ద్వారా చేసే మోసం) కేసులో ఫెడరల్ కోర్టు మా అన్నయ్యకు జైలుశిక్షతో పాటు రెస్టిట్యూషన్ (నష్టపోయినవాళ్లకు తిరిగి కట్టాల్సిన డబ్బు) విధించింది. నష్టపోయినవాళ్లలో పెద్దవయసువాళ్లు ఉన్నారు, వాళ్ల డబ్బు వాళ్లకు చేరాల్సిందే. విడుదలయ్యాక గిడ్డంగిలో పని దొరికింది కానీ ఇప్పుడు గంటలు తగ్గించారు. వాయిదా తగ్గించమని అడగవచ్చా? దివాలా తీస్తే ఈ బాకీ పోతుందని ఒక బంధువు అంటున్నారు.

జవాబు 1:
అమ్మా, ఆ బంధువు మాట వినకండి. దివాలాతో రెస్టిట్యూషన్ రద్దు కాదు. విడుదల తర్వాత 20 ఏళ్ల వరకు ప్రభుత్వం వసూలు చేయగలదు. ఆదాయం పడిపోతే కోర్టుకు తెలియజేయడం మీ అన్నయ్య బాధ్యత. జీతం చీటీలు జతచేసి ప్రొబేషన్ అధికారికి (విడుదలయ్యాక పర్యవేక్షించే అధికారి) ఈ వారమే రాయమనండి. కోర్టు వాయిదాను మార్చవచ్చు, అంతమాత్రాన అసలు బాకీ తగ్గదు. చెప్పకుండా కట్టడం మానేస్తే విడుదల షరతులు ఉల్లంఘించినట్టవుతుంది, దయచేసి అది మాత్రం చేయనివ్వకండి.

జవాబు 2:
తీర్పు ప్రతిలో వడ్డీ మాఫీ చేశారేమో చూడండి. 2,500 డాలర్లు దాటిన మొత్తానికి మామూలుగా వడ్డీ పడుతుంది. పన్ను రీఫండ్ వస్తే దాన్నీ ఈ బాకీకి జమ చేసుకోవచ్చు. సహనిందితులు ఉన్నారా?

అడిగినవారు:
ఒకరు ఉన్నారు. ఆయన ఏమీ కట్టడం లేదు.

జవాబు 2:
ఉమ్మడి బాధ్యత అని తీర్పులో ఉంటే, మొత్తం మీ అన్నయ్య దగ్గరే వసూలు చేయవచ్చు. లాయరుకు ముందు ఆ పేజీ చూపించండి.