ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యుల పని వాతావరణాన్ని కొలవడంపై సలహా కావాలి

నమస్కారం. నేను సామాజిక వైద్య విభాగంలో పీజీ చేస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇద్దరేసి వైద్యులను ఉంచి, ఒకరు కేంద్రంలో ఓపీ చూస్తుంటే మరొకరు 104 వాహనంతో గ్రామాలకు వెళ్లేలా ఏర్పాటు చేశారు. అలా పనిచేసిన వైద్యులు తమ పనిచోటి వాతావరణాన్ని ఎలా భావిస్తున్నారో కొలవడం నా థీసిస్ అంశం.

లక్ష్యాల స్పష్టత, జంకు లేకుండా మాట్లాడగలగడం, పని నాణ్యతపై శ్రద్ధ, కొత్త పద్ధతులకు మద్దతు అనే నాలుగు కోణాలను పరిశీలించే టీమ్ క్లైమేట్ ఇన్వెంటరీ అనే ప్రశ్నావళిని తెలుగులోకి అనువదిస్తున్నాను. అయితే ‘మీ బృందం’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. బృందమంటే కేంద్రంలోని నర్సులు, ఫార్మసిస్టులా, ఊళ్లోని ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలా? ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీసుకుంటే సగటు మార్కుకు విలువ ఉండదు.

అంతకన్నా కలవరపెడుతున్నది గోప్యత. ఉన్నదే ఇద్దరు కాబట్టి, పేరు రాయకపోయినా ఎవరి జవాబో పై అధికారులు పోల్చుకోగలరు. ఆ భయంతో అన్నిటికీ ‘అంగీకరిస్తాను’ అనే టిక్కు పెడతారేమోనని నా బెంగ. కేంద్రం పేరు అడగకుండా డివిజన్ల వారీగా విశ్లేషించవచ్చా? ఇద్దరి జవాబుల సగటును ఆ కేంద్రపు వాతావరణంగా లెక్కించడం గణాంకపరంగా సమంజసమేనా? ఇలాంటి సర్వే చేసిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.